అలల్లో ఓడ వేగం: దేనితో పోల్చి, ఎంతసేపు చూసి?

జులై నెల. విశాఖపట్నంలో సరుకు ఎక్కించుకున్న ఒక బల్క్ క్యారియర్, అంటే బొగ్గు, ఖనిజం లాంటి విడి సరుకు మోసే ఓడ, శ్రీలంకను చుట్టి, లక్షద్వీప్‌లోని మినికాయ్ దాటి, అరేబియా సముద్రంలో పడమటికి, సొకోట్రా దీవి వైపు వెళుతోందనుకుందాం. నైరుతి రుతుపవనాలు మంచి ఊపు మీదున్న రోజులు. ఎడమ పక్కనుంచి, కాస్త ఎదురుగా, 4 మీటర్ల కెరటాలు వచ్చి కొడుతున్నాయి. బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపించే గదిలో, డ్యూటీ చేస్తున్న ఆఫీసర్ ముందు మూడు అంకెలున్నాయి. ప్రొపెల్లర్ తిరుగుడు లెక్క ప్రకారం వేగం 14.3 నాట్లు. ఓడ అడుగున బిగించిన, లాగ్ అనే వేగం కొలిచే పరికరం చూపిస్తున్నది 11.2. జీపీఎస్ చూపిస్తున్నది 9.7. వీటిలో లాగ్ అంకె నిలకడగా ఉండదు, ప్రతి కెరటానికీ పైకీ కిందికీ ఊగుతుంది. జీపీఎస్ అంకె కూడా కాస్త ఊగుతుంది, అంత కాదు.

ఇందులో ఏ పరికరమూ పాడవలేదు. మూడూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాయి. మనకు రోడ్డు మీద అలవాటైన వేగం ఒక్కటే, ఎందుకంటే రోడ్డు కదలదు. బండి చక్రం ఎంత తిరిగిందో కొలిస్తే ఊరు ఎంత దగ్గరైందో తెలిసిపోతుంది. సముద్రంలో దారే కదులుతుంది. మొత్తంగా ఒక దిక్కుకు జరుగుతూ ఉంటుంది, ఆ పైన ప్రతి పది సెకన్లకూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అందుకే ఓడ వేగం ఎంత అని అడిగేవాళ్ళు వెంటనే మరో రెండు ప్రశ్నలు వేయాలి. దేనితో పోలిస్తే? ఎంతసేపటికి సగటు తీస్తే? ఈ రెండూ చెప్పని అంకెకు అలలున్న సముద్రంలో అర్థం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు 'నాట్' అనే మాట సంగతి చూద్దాం. నాట్ అంటే ముడి. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. నాటికల్ మైలు అంటే భూమి మీద అక్షాంశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, సరిపోయే దూరం. దాన్ని 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం సరిగ్గా 1852 మీటర్లుగా స్థిరపరిచింది. ముడి ఎక్కడినుంచి వచ్చిందంటే, తెరచాప ఓడల కాలంలో వేగాన్ని తాడుతో కొలిచేవాళ్ళు. పావు చక్రం ఆకారంలో ఒక చెక్కముక్క, దాని వంపు అంచుకు సీసం బరువు. నీళ్ళలో వేస్తే నిటారుగా నిలబడుతుంది, ఓడ వెంట జారిపోకుండా దాదాపు పడినచోటే ఉంటుంది. దానికి కట్టిన తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి. ఓడ ముందుకు పోతుంటే తాడు చుట్ట విప్పుకుంటూ జారుతుంది. ఒకడు 28 సెకన్ల ఇసుక గడియారం పట్టుకుంటాడు, ఇంకొకడు వేళ్ళ మధ్యనుంచి జారిపోయే ముడులు లెక్కపెడతాడు. ఎన్ని ముడులైతే అన్ని నాట్లు. ఇందులో మాయ ఏమీ లేదు. 47 అడుగుల 3 అంగుళాలంటే 14.4 మీటర్లు, దాన్ని 28తో భాగిస్తే సెకనుకు 0.514 మీటర్లు. 1852 మీటర్లను గంటలోని 3600 సెకన్లతో భాగించినా అదే 0.514. ఇంగ్లండుకు చెందిన విలియం బోర్న్ 1574లోనే ఈ పద్ధతిని అచ్చులో వివరించాడు.

ఆ చెక్కముక్క పేరే లాగ్. అది చెప్పిన వేగాన్ని రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది. ఇవాళ మనం బ్యాంకు ఖాతాలోకి 'లాగిన్' అయ్యే ప్రతిసారీ పలికేది ఆ చెక్కముక్క పేరే. ఓడ అడుగున ఉండే ఆధునిక పరికరాన్ని కూడా నావికులు ఇప్పటికీ లాగ్ అనే అంటారు.

పోటెత్తిన సముద్రంలో ఈ తాడు లెక్క ఎలా తప్పుతుందో ఆనాటి వాళ్ళకు బాగా తెలుసు. వెనకనుంచి పెద్ద కెరటాలు తరుముతుంటే అవి చెక్కముక్కను ఓడ వైపే నెడతాయి. తాడు తక్కువ జారుతుంది, వేగం తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు పదికి ఒక మైలు కలుపుకొమ్మని పాత నావికులు ఒక లెక్క పెట్టుకున్నారు. ఎదురు కెరటాలైతే తీసేయాలి. ఇంకా ఇబ్బందులున్నాయి. తడిసిన తాడు పొడవు మారుతుంది, ఇసుక గడియారానికి చెమ్మ తగిలితే ఇసుక నెమ్మదిస్తుంది. ఓడ వెనక సుడులు తిరిగే నీటిలో చెక్క సరిగా నిలవదు కాబట్టి మొదట కొంత తాడును లెక్కలోకి తీసుకోకుండా వదిలేసేవారు. ఆ వదిలేసే తాడు నాకు చాలా ముఖ్యమైన ఆలోచనగా తోస్తుంది. ఓడ తాను కలతపెట్టిన నీటితో కాక, దూరంగా ఉన్న కలత చెందని నీటితో తన వేగాన్ని పోల్చుకోవాలని వాళ్ళు గ్రహించారు. నేటి పరికరాలు చేసేవాళ్ళు కూడా దీనితోనే కుస్తీ పడుతున్నారు.

19వ శతాబ్దంలో తాడు చివర తిరిగే రెక్కల కడ్డీ వచ్చింది. ఎడ్వర్డ్ మాసీ 1802లో ఒకటి తయారుచేస్తే, థామస్ వాకర్ కుటుంబం దాన్ని మెరుగుపరిచి లోకమంతా అమ్మింది. ఓడ వెనక ఈదుతూ అది ఎన్ని చుట్లు తిరిగితే అంత దూరం. ప్రశాంతమైన నీటిలో చక్కగా పనిచేసేది. పెద్ద కెరటాల్లో మాత్రం నీటి పైకి ఎగిరి గాలిలో తిరిగేది, నాచు చుట్టుకుని ఆగిపోయేది. మెరిసే ఇత్తడిని చేప అనుకుని సొరచేపలు కొరికేయడంతో దానికి నల్లరంగు వేసేవాళ్ళు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వెళదాం. అలలో నీరు ఏం చేస్తుంది?

కెరటం ముందుకు పరుగెడుతుంది కానీ నీరు పరుగెత్తదు. లోతైన సముద్రంలో ప్రతి నీటి బిందువూ దాదాపు ఒక గుండ్రటి దారిలో తిరుగుతుంది. శిఖరం కింద కెరటం పోయే వైపుకు, పల్లం కింద వెనక్కి. మన ఓడకు తగులుతున్న కెరటాల వ్యవధి 10 సెకన్లు అనుకుంటే, వాటి పొడవు సుమారు 156 మీటర్లు, అవి పరుగెత్తే వేగం సెకనుకు 15.6 మీటర్లు, అంటే 30 నాట్లు. ఎత్తు 4 మీటర్లయితే పైనున్న నీరు తన గుండ్రటి దారిలో సెకనుకు 1.26 మీటర్ల వేగంతో తిరుగుతుంది. దాదాపు 2.4 నాట్లు. లోతుకు వెళ్ళేకొద్దీ ఈ తిరుగుడు తగ్గుతుంది కానీ, మనం అనుకున్నంత త్వరగా తగ్గదు. 12 మీటర్ల లోతులో, అంటే సరుకుతో నిండిన ఓడ అడుగు ఉండే చోట కూడా ఇంకా 1.5 నాట్ల ఊగిసలాట మిగిలే ఉంటుంది.

కెరటాలు సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు దీని ఫలితం పూర్తిగా కనిపిస్తుంది. ఓడ 11 నాట్లతో స్థిరంగా పోతున్నా, దాని అడుగున ఉన్న లాగ్ ఒక క్షణం 12.5, ఇంకో క్షణం 9.5 చూపిస్తుంది. పరికరం అబద్ధం చెప్పడం లేదు. ఆ క్షణంలో దాని పక్కనున్న నీరు నిజంగానే ఎదురుగా వస్తోంది, మరుక్షణం నిజంగానే ఓడతో పాటు వెళుతోంది. దీనికి తోడు కెరటం వాలు ఎక్కుతూ ఓడ కాస్త మందగిస్తుంది, దిగుతూ కాస్త పుంజుకుంటుంది. అందుకే అలల్లో ఒక్క క్షణపు వేగం ఎవరికీ పనికిరాదు. సగటు కావాలి.

ఎంతసేపటి సగటు? ఇది ఓడ కెరటాలకు ఎదురు వెళుతోందా, వాటితో పాటు వెళుతోందా అన్నదాన్ని బట్టి మారుతుంది. 14 నాట్లతో, అంటే సెకనుకు 7.2 మీటర్లతో ఎదురెళ్ళే ఓడను ఇవే కెరటాలు దాదాపు 7 సెకన్లకు ఒకటి చొప్పున కొడతాయి. అదే ఓడ వాటితో పాటు పోతుంటే ఒక్కో కెరటం దాటిపోవడానికి 18 సెకన్లకు పైగా పడుతుంది. ఎదురు అలల్లో సరిపోయిన సగటు వ్యవధి, వెనక అలల్లో సరిపోదు. నాలుగైదు కెరటాలైనా కలిసేలా, నిమిషం రెండు నిమిషాలు సగటు తీస్తేనే అంకె కుదుటపడుతుంది. కానీ సగటు ఎక్కువసేపు తీస్తే ఇంకో నష్టం ఉంది. ఓడ నిజంగా వేగం తగ్గించినప్పుడు ఆ సంగతి తెర మీదికి ఆలస్యంగా వస్తుంది. నిశ్చలత కావాలా, తాజాదనం కావాలా అంటే రెండూ పూర్తిగా దొరకవు.

సరే, ఓడ అడుగున ఉండే ఆ లాగ్ ఏమిటి? ఎక్కువగా రెండు రకాలు. ఒకటి విద్యుదయస్కాంత లాగ్. ఉప్పునీరు కరెంటును మోస్తుంది. అయస్కాంత క్షేత్రం గుండా అది కదిలితే చిన్న వోల్టేజీ పుడుతుంది, ఆ వోల్టేజీని బట్టి వేగం తెలుస్తుంది. ఈ సూత్రం కనిపెట్టిన మైకేల్ ఫారడే 1832లో లండన్‌లోని వాటర్‌లూ వంతెన దగ్గర థేమ్స్ నది ప్రవాహాన్నే ఇలా కొలవాలని ప్రయత్నించాడు, అప్పటి పరికరాలతో కుదరలేదు. దీనితో చిక్కల్లా అది ఓడ చర్మాన్ని ఆనుకుని ఉన్న నీటిని మాత్రమే చూడగలగడం. ఆ నీటిని ఓడ తనతో కొంత ఈడ్చుకుపోతూ ఉంటుంది. తాడు లాగ్ వాళ్ళు కొంత తాడు వదిలేసి తప్పించుకున్న సమస్య ఇదే.

రెండోది డాప్లర్ లాగ్. రైలు గేటు దగ్గర నిలబడితే దగ్గరకొస్తున్న బండి కూత సన్నగా, దాటిపోతున్న బండి కూత బొంగురుగా వినిపిస్తుంది కదా, క్రిస్టియన్ డాప్లర్ 1842లో వివరించిన సూత్రం అది. ఓడ అడుగునుంచి ఏటవాలుగా కిందికి, సాధారణంగా అడ్డరేఖకు 60 డిగ్రీల కోణంలో, శబ్దం పంపుతారు. అది నేలకో, నీటిలో తేలే సూక్ష్మమైన రేణువులకో తగిలి తిరిగి వస్తుంది. దాని స్థాయి, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందన్న లెక్క, ఎంత మారిందో చూస్తే వేగం తెలుస్తుంది. 150 కిలోహెర్ట్జ్ శబ్దం, సెకనుకు 5 మీటర్ల ఓడ, నీటిలో సెకనుకు 1500 మీటర్ల శబ్దవేగం అనుకుంటే వచ్చే తేడా 500 హెర్ట్జ్. కొలవడం కష్టమేమీ కాదు.

ఓడ తొణకకుండా ఉంటే ఒక్క శబ్దకిరణం చాలు. కానీ ఓడ ముక్కు 10 డిగ్రీలు ఊగిందంటే 60 డిగ్రీల కిరణం 50 డిగ్రీలది అయిపోతుంది, వేగం ఒక్కసారిగా దాదాపు 29 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఓడ మొత్తం పైకీ కిందికీ లేస్తూ పడుతూ ఉంటే, ఆ నిలువు కదలిక కూడా వేగంలో కలిసిపోతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే అందంగా కనిపిస్తుంది. ఒక కిరణం ముందుకు, ఇంకొకటి అదే కోణంలో వెనక్కి పంపుతారు. ముందుకూ వెనక్కూ రెండు ముఖాలున్న రోమన్ దేవుడు జానస్ పేరు దీనికి పెట్టారు. ఓడ ముందుకు పోతుంటే ముందు కిరణం స్థాయి పెరుగుతుంది, వెనక కిరణం స్థాయి అంతే తగ్గుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వేగం రెట్టింపై బయటపడుతుంది. ఓడ కిందికి పడుతుంటే రెండు కిరణాల స్థాయీ సమానంగా పెరుగుతుంది, తీసివేతలో అది కాస్తా ఎగిరిపోతుంది. ముక్కు 10 డిగ్రీలు ఊగినప్పుడు ఒక కిరణం ఎక్కువ చెప్పిన దాన్ని ఇంకొకటి తక్కువ చెప్పి సరిచేస్తుంది. 29 శాతం ఉన్న తప్పు ఒకటిన్నర శాతానికి దిగిపోతుంది. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా, ఒకే కొలతను రెండు వైపులనుంచీ చేయడం వల్ల వచ్చిన లాభం ఇది.

అయినా దీనికీ హద్దులున్నాయి. సుమారు 200 మీటర్ల లోతు వరకే ఇలాంటి లాగ్ సముద్రపు నేలను పట్టుకోగలదు. మన ఓడ కింద వేల మీటర్ల నీరుంది. కాబట్టి అది నేలను వదిలేసి, తన కింద కొన్ని మీటర్ల దూరంలో ఉన్న నీటినే పట్టుకుంటుంది. అంటే అది చెప్పేది నీటితో పోల్చిన వేగం. రెండో హద్దు గాలిబుడగలు. ఓడ ముక్కు పైకి లేచి దబ్బున నీటి మీద పడినప్పుడు గాలిని తనతో పాటు కిందికి లాక్కుపోతుంది. ఆ బుడగల తెర ఓడ అడుగునే వెనక్కి పాకుతుంది. బుడగలు శబ్దానికి గోడలాంటివి. శబ్దం పోదు, రాదు. తెర మీద అంకె మాయమవుతుంది, లేదా పడిపోతుంది. అందుకే ఈ పరికరాన్ని ఎక్కడ బిగించాలన్నది ఓడ కట్టేటప్పుడే పెద్ద చర్చ. మరీ ముందుకు పెడితే అలల్లో నీటి బయటికే తేలుతుంది, వెనక్కి పెడితే బుడగల దారిలో పడుతుంది. ఖాళీగా, తేలిగ్గా పోయే ఓడల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఈ పరికరాలకు పెట్టిన ప్రమాణం ఏమంటే, తప్పు ఓడ వేగంలో 2 శాతం లేదా 0.2 నాట్లు, ఈ రెండిట్లో ఏది పెద్దదైతే దాన్ని మించకూడదు. ఈ మాట అందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే ఉన్న షరతు మాత్రం చాలామంది మరచిపోతారు. ఓడ పక్కలకు 10 డిగ్రీలు, ముందూ వెనకా 5 డిగ్రీలు ఊగేవరకే ఆ హామీ. జులైలో అరేబియా సముద్రం ఆ 10 డిగ్రీలను తేలిగ్గా దాటించగలదు. అంటే పరికరం మీద ఎక్కువ ఆధారపడాల్సిన రోజునే దాని హామీ అయిపోతుంది.

జీపీఎస్ ఉండగా ఈ తంటాలన్నీ ఎందుకు అని అడగొచ్చు. జీపీఎస్ రిసీవర్ కూడా వేగాన్ని ఎక్కువగా డాప్లర్ సూత్రంతోనే లెక్కిస్తుంది, ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో తరంగం స్థాయి మార్పును చూసి. చాలా నిక్కచ్చిగా చెబుతుంది. కానీ అది చెప్పేది ఓడ వేగం కాదు, స్తంభం చివరనున్న యాంటెన్నా వేగం. యాంటెన్నా ఓడ ఊగే కేంద్రానికి 30 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఓడ 8 సెకన్లకు ఒకసారి ముందూ వెనకా 5 డిగ్రీలు ఊగుతోందనుకోండి. తాటిచెట్టు మొదలు కదలకపోయినా తల గాలికి ఊగినట్టు, ఆ యాంటెన్నా సెకనుకు 2 మీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అది 4 నాట్లు. ఓడ 10 నాట్లతో పోతుంటే యాంటెన్నా ఒక క్షణం 14తో, ఇంకో క్షణం 6తో పోతుంది. రిసీవర్ లోపలే సగటు తీసి ఈ ఊగిసలాటను చాలావరకు అణచిపెడుతుంది. ఎంతసేపటి సగటు పెట్టారో మాత్రం తెర మీద కనిపించదు. సెట్టింగుల్లోకి వెళ్ళి చూడాలి, చూసేవాళ్ళు తక్కువ.

అంతకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటి. జీపీఎస్ చెప్పేది నేలతో పోల్చిన వేగం. లాగ్ చెప్పేది నీటితో పోల్చిన వేగం. రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీలో ఎగువకు వెళ్ళినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ఇంజన్ మోత ఒకటే, వెళ్ళేటప్పుడు పట్టిన సమయం వేరు, వచ్చేటప్పుడు పట్టిన సమయం వేరు. సముద్రంలోనూ గోదావరులున్నాయి. మన తీరం వెంబడి బంగాళాఖాతంలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి, నవంబరులో దక్షిణానికి బలమైన ప్రవాహం నడుస్తుంది. విశాఖ నుంచి చెన్నై వెళ్ళే ఓడకు ఒక కాలంలో అది ఎదురు, ఇంకో కాలంలో తోడు. నైరుతి రుతుపవనాల్లో సోమాలియా తీరం దగ్గర ప్రవాహం 5 నాట్లు దాటిన సందర్భాలున్నాయి. అరేబియా సముద్రం నడిమధ్యలో ఆ రోజుల్లో నీరు తూర్పుకు జరుగుతుంది. మన ఓడ పడమటికి పోతోంది. 11.2కీ 9.7కీ మధ్య ఉన్న 1.5 నాట్లు ఆ ప్రవాహమే.

ఏ వేగం ఎప్పుడు వాడాలన్నది అభిరుచికి సంబంధించిన విషయం కాదు. రేవుకు ఎప్పుడు చేరతాం, రాతి దిబ్బ ఎంత దూరంలో ఉంది అంటే నేలతో పోల్చిన వేగం కావాలి. ఎదురుగా వస్తున్న ఓడను రాడార్‌లో చూసి తప్పుకోవాలంటే నీటితో పోల్చిన వేగం కావాలి. రెండు ఓడలూ ఒకే ప్రవాహం మీద తేలుతుంటే అది ఇద్దరినీ కలిపి ఈడుస్తుంది, వాళ్ళ మధ్య వ్యవహారంలో అది లేనట్టే. రాడార్‌కు జీపీఎస్ వేగం ఇస్తే, తెర మీద ఎదుటి ఓడ కదలికను చూపే గీత అది నేల మీద జరుగుతున్న దిక్కును చూపిస్తుంది, దాని ముక్కు తిరిగి ఉన్న దిక్కును కాదు. రాత్రిపూట కిటికీలోంచి కనిపించే ఆ ఓడ దీపాలతో ఆ గీత పొసగదు. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్న నిబంధనలు ఓడ ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టే నడుస్తాయి. జీపీఎస్ అంకె నిలకడగా, నమ్మకంగా కనిపిస్తుంది కాబట్టి అన్నిటికీ అదే వాడేద్దామన్న అలవాటు ప్రమాదకరం.

ఇక మొదటి అంకె, 14.3. ఇది ఇంజన్ గదిది. ప్రొపెల్లర్‌ను మర మేకు అనుకోండి. ఒక్క చుట్టుకు 4.5 మీటర్లు ముందుకు పోవాలి, నిమిషానికి 98 చుట్లు తిరుగుతోంది. గంటకు 26,460 మీటర్లు, అంటే 14.3 నాటికల్ మైళ్ళు. కర్రలో దిగే మర మేకుకైతే ఈ లెక్క నిజం. నీరు కర్ర కాదు, జారిపోతుంది. నీటిలో నిజంగా పోయింది 11.2 కాబట్టి దాదాపు 22 శాతం జారుడు. దీన్ని నావికులు స్లిప్ అంటారు. నేల మీది 9.7తో లెక్కేస్తే 32 శాతం వస్తుంది, కానీ అందులో ప్రవాహం పాపం కూడా ఇంజన్ మీద పడుతుంది. ప్రశాంత సముద్రంలో తక్కువగా ఉండే స్లిప్ ఇంత పెరగడానికి కారణం కెరటాలు, గాలి. కెరటాలను చీల్చుకుంటూ, వాటితో ఊగుతూ పోవడంలో ఓడ మీద పడే అదనపు నిరోధం ఉజ్జాయింపుగా కెరటం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మీటర్ల అలలు 4 మీటర్లయితే భారం రెట్టింపు కాదు, నాలుగింతలు.

ఇది సముద్రం తగ్గించే వేగం. కెప్టెన్ తగ్గించే వేగం వేరే ఉంటుంది. ముక్కు నీటి మీద బాదుకుంటుంటే, ప్రొపెల్లర్ నీటి పైకి తేలి ఇంజన్ గిర్రున తిరుగుతుంటే, డెక్ మీదికి నీరు ఎక్కుతుంటే కెప్టెన్ తనంతట తానే ఇంజన్ తగ్గిస్తాడు. రెండు తగ్గుదలలూ జీపీఎస్ తెర మీద ఒకే అంకెగా కనిపిస్తాయి. తీరంలో ఆఫీసులో కూర్చుని ఆ అంకెను మాత్రమే చూసేవాళ్ళు కెప్టెన్‌ను నిలదీయడం అన్యాయం.

డబ్బు గొడవలు కూడా ఇక్కడే పుడతాయి. ఓడను అద్దెకిచ్చే ఒప్పందంలో 'మంచి వాతావరణంలో సుమారు ఇన్ని నాట్లు' అని రాస్తారు. మంచి వాతావరణమంటే తరచుగా గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ స్కేలులో 4 వరకు, అంటే గాలి 16 నాట్లు దాటనంత వరకు. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో రూపొందించిన ఆ స్కేలు ఇవాళ్టికీ కోట్ల రూపాయల తగాదాలకు కొలబద్ద. 'సుమారు' అన్న మాటకు మామూలుగా అర నాట్ సడలింపు ఇస్తారు. మంచి వాతావరణం ఉన్న గంటలను ఏరి, ఆ గంటల్లో వేగం చూసి, దాన్నిబట్టి ప్రయాణమంతటికీ తీర్పు చెబుతారు. పోటెత్తిన సముద్రంలో వేగాన్ని న్యాయంగా పోల్చడం ఎంత కష్టమో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పోల్చడం కుదరదని ఒప్పుకుని ఆ గంటలనే పక్కన పెట్టేశారు.

కొత్త ఓడ వేగాన్ని పరీక్షించేటప్పుడు ఈ చిక్కులన్నీ తెలిసే జాగ్రత్త పడతారు. స్కాట్లాండులో క్లైడ్ తీరాన స్కెల్‌మోర్లీ దగ్గర ఒడ్డున స్తంభాలు పాతి, సరిగ్గా ఒక మైలు కొలిచి ఉంచారు. ఓడ ఆ మైలును అటూ ఇటూ పరుగెత్తేది. ప్రవాహం ఒకసారి తోడు, ఒకసారి ఎదురు కాబట్టి సగటులో పోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పోయేటప్పుడు 18 నాట్లు, వచ్చేటప్పుడు 10 నాట్లు అయితే అసలు వేగం 14. కానీ రెండు మైళ్ళను మొత్తం సమయంతో భాగిస్తే 12.9 వస్తుంది. ఎదురు ప్రవాహంలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి దాని బరువు ఎక్కువ పడుతుంది. అందుకే సమయాలను కాక వేగాలను సగటు చేయాలి. ఇప్పుడు జీపీఎస్ వచ్చి స్తంభాలు పోయాయి కానీ, అటూ ఇటూ పరుగెత్తడం మాత్రం పోలేదు.

ఓడను నీరు ఎంత నిరోధిస్తుందో సముద్రంలోకి వెళ్ళకుండానే తెలుసుకోవడానికి విలియం ఫ్రూడ్ 1870ల్లో ఇంగ్లండులోని టోర్కీలో నమూనా ఓడలను లాగే నీటి తొట్టి కట్టాడు. నమూనా 25వ వంతు పొడవుంటే వేగం 25వ వంతు కాదు, ఐదో వంతు ఉండాలి. 14 నాట్ల ఓడకు 2.8 నాట్లు. అప్పుడే ఓడ పుట్టించే అలల తీరు సరిపోలుతుంది. మన విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో నేటికీ ఇదే సూత్రంతో, కృత్రిమంగా అలలు పుట్టించి నమూనాలను పరీక్షిస్తారు. ఆ అలలు నిజంగా సముద్రంలో ఈ వారం ఎంత ఎత్తున ఉండబోతున్నాయో, ప్రవాహం ఎటు నడవబోతోందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ చెబుతుంది. సముద్రం కనిపించని ఊరినుంచి సముద్రం సంగతి తెలియడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పరికరాలన్నిటినీ పక్కన పెట్టి వేగం చెప్పే దారి ఒకటి ఎప్పుడూ ఉంది. రెండు స్థిరమైన చోట్ల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించడం. అట్లాంటిక్‌ను అతివేగంగా దాటిన ప్రయాణికుల ఓడకు దక్కే బ్లూ రిబాండ్ గౌరవం అలాగే తేలేది. 1952 జులైలో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ అమెరికా ఒడ్డున ఆంబ్రోస్ దీపపు ఓడ (లైట్‌షిప్) నుంచి ఇంగ్లండు కొసన ఉన్న బిషప్ రాక్ వరకు 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో చేరింది. సగటు 35.59 నాట్లు. దారిలో ఎన్ని కెరటాలు ఎక్కి దిగిందో, ఏ క్షణంలో ఎంత వేగముందో అందులో కనిపించదు, అక్కర్లేదు కూడా.

ఇక మన ఓడలో మర్నాడు మధ్యాహ్నం అయింది. సెకండ్ ఆఫీసర్ నిన్నటి మధ్యాహ్నం నుంచి లెక్క కట్టాలి. నేల మీద నడిచిన దూరం 245 నాటికల్ మైళ్ళు. 24తో భాగిస్తే 10.2 నాట్లు వస్తుంది, అది తప్పు. ఓడ పడమటికి పోతోంది, రాత్రి గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పారు, కాబట్టి ఆ రోజుకు 25 గంటలు. 9.8 నాట్లు. లాగ్ చెప్పిన దూరం 280 మైళ్ళు, 11.2 నాట్లు. తేడా 35 మైళ్ళు. ఈ తేడాను పొరపాటు అనుకుని పారేయని నావికుల వల్లనే సముద్ర ప్రవాహాల పటాలు తయారయ్యాయి. ఒకప్పుడు బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెన్నెల్ ఏళ్ళ తరబడి ఓడల లాగ్‌బుక్కులు ముందేసుకుని, ఉండాల్సిన చోటుకూ తేలిన చోటుకూ మధ్య తేడాలను ఏరి, అట్లాంటిక్ ప్రవాహాలను గీశాడు. ఆ పని ఆయన పోయాక 1832లో అచ్చయింది.

సెకండ్ ఆఫీసర్ లాగ్‌బుక్కులో రాస్తాడు. గాలి నైరుతి, బ్యూఫోర్ట్ 7. కెరటాలు 4 మీటర్లు, ఎడమ ముందు పక్కనుంచి. దూరం 245, గంటలు 25. ప్రవాహం తూర్పుకు, 1.4 నాట్లు.